ఎద్దు మూపురం

"సార్ పోయిండు అక్కా," అన్నాడు జంగు ఫోన్‌లో. పంజాగుట్ట శ్మశానం గేటు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడట. వెనకాల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. పొద్దున్నే ప్రాణం పోయిందని, కాసేపట్లో అంతా అయిపోతుందని చెప్పి, నేనేమైనా అనేలోపే ఇంకో మాట అన్నాడు. "ఇగ నన్ను అడిగేటోడు లేడు."

ఆ మాటలో ఏడుపు ఎంత ఉందో, హమ్మయ్య అనుకోవడమూ అంతే ఉంది. దానికే నాకు ఒళ్ళు మండింది. పోయినాయన మీద దిగులు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. ఆయన కూడా అంతే కాబట్టి ఏమీ అనుకోరు.

ఆయన మాకు అమీర్‌పేటలో ఎకనామిక్స్ చెప్పిన సార్. ఊరు ఒంగోలు వైపు. అంతకు మించి ఆయన పుట్టుపూర్వోత్తరాలు నాకు పెద్దగా తెలియవు. ఏ బల్ల ముందు కూర్చోబోయినా వేలి కణుపులతో దాన్ని తట్టి, చప్పుడు విని, అప్పుడు కూర్చునేవారు. ఎవరినైనా ప్రశ్న అడిగే ముందు చేతి గడియారం విప్పి బల్ల మీద బోర్లించేవారు. జవాబు పక్కదారి పట్టిందంటే "నేనడిగింది అది కాదు" అనేవారు. గొంతు పెంచడమనేది లేదు. ఒక్కసారి అరిస్తే బావుండునని మాకే అనిపించేది.

ఆ రోజుల్లో అమీర్‌పేట చౌరస్తాలో కళ్ళు మూసుకుని రాయి విసిరితే అది జావా నేర్చుకునేవాడి నెత్తినైనా పడేది, నేర్పేవాడి నెత్తినైనా పడేది. మా బిల్డింగ్‌లో కింది అంతస్తులన్నీ కంప్యూటర్లే. మెట్ల మీద చెప్పుల గుట్టలు దాటుకుంటూ పైకెక్కితే, డాబా మీద రేకుల షెడ్డులో మా గ్రూప్ వన్ కోచింగ్. మధురానగర్ హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిలంతా టెస్టింగ్ బ్యాచ్. "అడవులూ ఆదివాసులూ అని బట్టీ కొడతావేంటే, హాయిగా మాతో రాక?" అనేవాళ్ళు. వాళ్ళ వీసాల లెక్కలు వాళ్ళవి, నా పంచవర్ష ప్రణాళికలు నావి. వంకాయ కూర మాత్రం అందరికీ ఒకటే.

అభివృద్ధి, అడవులు అనే పాఠం వచ్చిందంటే సార్ బోర్డు మీద ముందు ఒక ఎద్దు మూపురం గీసేవారు. అడ్డగీత దేశం సంపాదన. నిలువుగీత అడవి నరుకుడు. "పేద దేశం దగ్గర డబ్బుండదు, అడవి ఉంటుంది," అంటూ సుద్దముక్కని పైకి నడిపించేవారు. "సంపాదించడం మొదలుపెడితే ముందు చెయ్యి పడేది అడవి మీదే. రైలు కావాలి, గని కావాలి, పొలం కావాలి, తలుపు కావాలి. నరుకుతాడు. బాగా సంపాదించాక గాలి కావాలి, నీడ కావాలి, ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళడానికి పులి కావాలి. అప్పుడు నరకడం ఆపి నాటడం మొదలుపెడతాడు." అక్కడ సుద్దముక్క మూపురం దిగేది. "ఎక్కిన ప్రతి దేశమూ దిగుతుందని పుస్తకం చెబుతుంది. ఏంటి?"

చివర ఆ 'ఏంటి' ఉన్నదంటే పాఠం అయిపోయినట్టు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి మన దేశం మూపురం మీద ఎక్కడుందో చుక్క పెట్టమనేవారు. మా ఏలూరు బుద్ధి నాది, నడిమధ్యన పెట్టి కూర్చున్నాను. ఎవరికీ కోపం రాని చోటు అది.

జంగు చుక్క పెట్టలేదు. అతనిది ఆదిలాబాద్ అడవుల్లో గోండు గూడెం. సన్నగా, నల్లగా, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని చివరి బెంచీలో కూర్చునేవాడు. యూసుఫ్‌గూడలో గది, నాలుగిళ్ళ పిల్లలకు ట్యూషన్లు. రాతపరీక్షలో మా అందరికంటే ముందున్నాడు. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. ఊళ్ళో తల్లి, అతని మాటలో అవ్వ, అడవి అంచున పోడు చేసుకుంటుంది. ఆ చేనుకు పట్టా లేదు, అడవి ఆక్రమించిందని ఆవిడ మీద కేసు ఉంది. కొడుకు ఆఫీసరైతే ఆ కేసు సంగతి ఎవరో ఒకరు వింటారని ఆ గూడెమంతా ఆశ.

సుద్దముక్క చేతిలో పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాడు జంగు. "సార్, మూపురానికి ముందు కాడి ఉంటది గద. మెడ మీద. మీరు కాడి గియ్యలే."

క్లాసు ఘొల్లున నవ్వింది. సార్ నవ్వలేదు. "పరీక్షకు ఎద్దు చాలు నాయనా. బండి ఎవరిదని అడగకూడదు. కూర్చో," అన్నారు.

అసలు గొడవ ఆ తర్వాతి వారం. అడవుల క్షీణతకు కారణాలు చెప్పి రాయిస్తున్నారు. ఒకటి, పోడు వ్యవసాయం. రెండు, వంటచెరకు. మూడు, పశువుల మేత. నాలుగు, వాణిజ్యపరమైన నరికివేత. ఈ వరస ఆయన కనిపెట్టింది కాదు. అప్పట్లో మేం చదివిన గైడ్లన్నిట్లోనూ దాదాపు అలాగే ఉండేది. సగం దేశం ఆ వరసలోనే ఉద్యోగాలు తెచ్చుకుంది.

సార్‌కి ఒక అలవాటుండేది, తన ఇంటి సంగతి దాచకపోవడం. వాళ్ళ నాన్న కూపు కాంట్రాక్టరు. అంటే సర్కారు వేలం వేసిన అడవి ముక్కని పాడుకుని, టేకు కొట్టించి, పట్నానికి తోలించే పని. "నా చదువు టేకు చదువురా," అని క్లాసులో ఎన్నోసార్లు అన్నారు. ఆ నాన్నగారి టేకు బల్లే మా షెడ్డు చివరి గదిలో ఉండేది, మాక్ ఇంటర్వ్యూల కోసం. ఎత్తడానికి నలుగురు కావాలి. దాని ముందు కూర్చుంటే మాకు నిజం ఇంటర్వ్యూ బోర్డే గుర్తొచ్చి చెమటలు పట్టేవి.

నాలుగో కారణం రాయించడం కాగానే జంగు లేచి నిలబడ్డాడు. "మా అవ్వది ఒకటోది, మీ నాయనది నాలుగోదా సార్?"

కింద అంతస్తులో ఎవరో ఇంగ్లిష్‌లో పాఠం చెబుతున్న మాటలు స్పష్టంగా వినబడ్డాయి. అంతకుముందు అవి వినబడుతున్నాయని కూడా మాకు తెలియదు.

జంగు ఆగలేదు. "మీ నాయన కూపులు పట్టింది మా దిక్కే అన్నరు గద సార్. మా తాత ఎడ్లను గట్టి ఆ దుంగలు గుంజిండు. అడివి మొత్తం సాఫ్ జేసి పోయినంక, మొండి మోడుల నడుమ జొన్నలేసిండు. ముందుగాల కూపు, ఎనుక పోడు. గది వరస."

సార్ చేతిలో సుద్దముక్క విరిగి కింద పడింది. ఇక అయిపోయింది, వీణ్ణి బయటికి పంపేస్తారనుకున్నాను. ఆయన మాత్రం చాలా మామూలుగా, "నిజమే. మార్కులు మాత్రం నేను చెప్పిన వరసకే ఇస్తారు," అన్నారు. క్లాసు అయ్యాక మా ఇద్దరినీ తనతో రమ్మన్నారు. నన్నెందుకు పిలిచారో ఇప్పటికీ తెలియదు. మధ్యలో ఒక మనిషి ఉంటే మంచిదనుకుని ఉంటారు.

ఆయన గది పంజాగుట్టలో. అమీర్‌పేట నుంచి రోజూ నడిచే వెళ్ళేవారు. దారిలో తలుపులు, దర్వాజాలు అమ్మే కొట్టు ఒకటుంది. కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లకు అక్కడి నుంచే సరుకు వెళ్ళేది. బయట గోడకు ఆనించిన తలుపుల్ని సార్ కణుపులతో తట్టుకుంటూ నడిచారు.

"క్యా సార్, రోజూ కొట్టి సూస్తరు, ఒక్కదినమన్న కొనరు," అన్నాడు కొట్టు యజమాని భాయ్.

"నాకు ఇల్లుంటే కదా భాయ్, తలుపు," అని సార్ మావైపు తిరిగారు. "ఇది మన టేకు కాదు. ఓడెక్కి వచ్చింది. మన అడవి కొట్టొద్దన్నాం, మంచిదే. తలుపులు మానేశామా? మనకంటే పేద దేశం ఏదో దీనికోసం మూపురం ఎక్కుతోంది. మనం దిగుతున్నామని మార్కులు వేసుకుంటాం." క్లాసులో సార్ వేరు, రోడ్డు మీద సార్ వేరు. నాకు రోడ్డు మీద సారే నచ్చేవారు. ఉద్యోగం తెప్పించేది మాత్రం క్లాసులో సారే.

పంజాగుట్ట ఇరానీ హోటల్లో కూర్చున్నాక గడియారం విప్పి బోర్లించారు. అంటే ఇదీ ఇంటర్వ్యూయే.

"జంగూ, నువ్వు ఏ ఊరివాడివో నీ కాగితాల్లో ఉంటుంది. బోర్డు నిన్ను అడవి గురించే అడుగుతుంది. ఆదిలాబాద్‌లో అడవులెందుకు తగ్గాయి అంటారు. ఏం చెబుతావ్?"

"ఉన్నది చెప్త సార్."

"చెబితే ఏమవుతుంది? కుర్రాడికి ఆవేశం ఎక్కువ, సర్కారునే తప్పు పడుతున్నాడంటారు. తక్కువ మార్కులేసి పంపిస్తారు. నీ వయసు దాటిపోతుంది. మీ అమ్మ కేసు అట్లాగే ఉంటుంది. నిజం చెప్పానని ఊళ్ళో నీకు గుడి కట్టరు." చాయ్ సాసర్‌లో పోసి ఊదుకున్నారు. "ముందు ఏరు దాటు. దాటాక నిజం చెప్పు. అప్పుడు నీ మాట కాగితం మీదికి ఎక్కుతుంది. ఇప్పుడు చెబితే గాలిలో పోతుంది."

"దాటినంక చెప్తననే నమ్మకమేంది సార్?"

"నేను అడుగుతూ ఉంటాను."

జంగు చాయ్ తాగలేదు. మీద మీగడ కట్టేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు. నేనైతే రెండు ఉస్మానియా బిస్కెట్లు తిన్నాను. గొడవలు జరుగుతుంటే నాకు ఆకలి ఎక్కువ.

ఆ నెలంతా వాళ్ళిద్దరి మధ్య యుద్ధమే. మాక్ ఇంటర్వ్యూలో సార్ అదే ప్రశ్న వేసేవారు, జంగు నీళ్ళు నమిలేవాడు. ఒకరోజు పాము చావకుండా కర్ర విరగకుండా, "అన్ని కారణాలూ సమానమే" అని చూశాడు. "నేనడిగింది అది కాదు. మొదటి కారణం అడిగాను." ఇంకోరోజు సుస్థిర అభివృద్ధి అన్నాడు. "ఆ మాట ఆవకాయలాంటిది, ఏ అన్నంలోకైనా సరిపోతుంది. నేనడిగింది అది కాదు." బోర్లించిన గడియారం వైపు చూస్తూ జంగు చొక్కా పై గుండీ పట్టుకుని మెలితిప్పేవాడు. ఒకసారి అది తెగి బల్ల కిందికి దొర్లిపోయింది. మేం తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళం. ఎవరి పక్షాన ఉండాలో మాకే తెలిసేది కాదు. జంగుకు ఉద్యోగం రావాలి, 'ఒకటి, పోడు' అన్న మాట మాత్రం జంగు నోటి నుంచి రాకూడదు. రెండూ ఎట్లా కుదురుతాయి?

ఇంటర్వ్యూ రెండు రోజుల్లో ఉందనగా జంగు ఇక రానన్నాడు. సంచి భుజాన వేసుకుని మెట్ల దాకా వెళ్ళాడు కూడా. "ఆడ గూసోని నా తల్లిని దొంగ అనుమంటున్నరు సార్ మీరు. నాతోని గాదు."

సార్ అడ్డం వెళ్ళలేదు. "ఒక్క పని చేసి వెళ్ళు. నువ్వు బోర్డు. నేను క్యాండిడేట్‌ని. అడుగు నన్ను," అని బల్లకు ఇవతలి పక్క, మేం చెమటలు కక్కే కుర్చీలో కూర్చున్నారు. బల్లని తట్టి చూడలేదు, అది నాకు బాగా గుర్తు. గడియారం విప్పి జంగు వైపు తోశారు.

జంగు భుజం మీది సంచి దించాడు. తర్వాత వెళ్ళి ఆ టేకు బల్ల వెనక కూర్చున్నాడు. గడియారం బోర్లించాడు.

"మీ నాయన ఏం జేసేటోడు?"

"కూపు కాంట్రాక్టరండి."

"ఆదిలాబాద్‌ల అడివి ఎందుకు తగ్గింది?"

సార్ నోరు తెరిచారు. పాతికేళ్ళుగా రాయించిన వరస, నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పే మనిషి. "మా నాన్న వల్ల అండి. నరకమన్నది సర్కారు. కొన్నది పట్నం. నరికించింది మా నాన్న. ఆ డబ్బుతో చదువుకున్నది నేను. ఈ బల్ల కూడా అందులోదే. పోడు ఆ తర్వాత వచ్చింది."

జంగు తల వంచుకున్నాడు.

"బోర్డుగారూ, ఈ జవాబుకి ఎన్ని మార్కులు?" అన్నారు సార్.

జంగు చెయ్యి చొక్కా పై గుండీ దగ్గరకు పోయింది.

"నేనడిగింది చెప్పు."

"సున్నా సార్," అన్నాడు జంగు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"చూశావుగా. ఇప్పుడు ఇటొచ్చి కూర్చో."

ఆ మనిషిని అప్పుడు నేను అసహ్యించుకున్నాను, ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండూ ఒకే నిమిషంలో. ఇవాళ్టికీ ఆ రెండింట్లో ఏది సరైనదో తేల్చుకోలేదు.

జంగు ఇంటర్వ్యూ రోజు నేనూ తోడు వెళ్ళాను. సర్వీస్ కమిషన్ ఆఫీసు ఎదుట ఫుట్‌పాత్ మీద సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనకే పరీక్ష ఉన్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నారు. జంగు బయటికి వచ్చాడు. ముఖంలో ఏమీ కనబడలేదు.

"అడిగారా?"

"అడిగిన్రు సార్. ఒకటోది పోడు అన్న." చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. "మంచిగ చెప్పినవ్ అన్నరు."

సార్ అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండానే తీసేశారు. "సరే. బస్సుకి టైం అవుతుంది, పదండి," అన్నారు. దారంతా ముగ్గురం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. పంజాగుట్ట దగ్గర ఫ్లైఓవర్ కోసం చెట్లు కొట్టేసిన చోట ఇనుప రేకులు అడ్డం పెట్టారు. సార్ అటు తల తిప్పుకుని తన స్టాపు వచ్చేదాకా మళ్ళీ ఇటు తిప్పలేదు.

జంగుకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వచ్చింది. నాకు ట్రెజరీలో గుమాస్తా కుర్చీ కంటే కాస్త పెద్ద కుర్చీ దక్కింది. అమీర్‌పేట చౌరస్తాలో మా కోచింగ్ వాళ్ళు జంగు ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పక్కన సార్ ఫొటో వెయ్యబోతే ఆయన ఒప్పుకోలేదు. సిగ్గేమో అనుకున్నారంతా.

అప్పుడే జంగు వాళ్ళమ్మ వచ్చింది, కొడుక్కు పాఠం చెప్పిన సార్‌ని చూడాలని. ముతక చీర, చెవులకు పెద్ద పోగులు. నెత్తి మీద మూట. ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చి, జావా పిల్లలు దారి ఇచ్చారని వాళ్ళకూ ఒక దణ్ణం పెట్టిందట. షెడ్డులో కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేల మీద చతికిలబడింది. సార్ కూడా వెళ్ళి ఎదురుగా నేల మీదే కూర్చున్నారు.

మూట విప్పింది. పచ్చజొన్నలు. "మా పోడు జొన్నలు సారూ. పొలాల అమాస నాడు ఎడ్లకు పెట్టి, మీకు దీసిపెట్టిన." పొలాల అమావాస్య వాళ్ళకు ఎద్దుల పండుగ. ఆ రోజు కాడి దించేసి, ఒరుసుకుపోయిన ఎద్దుల మెడలకు పసుపూ నూనె రాస్తారని జంగు చెప్పాడు.

ఆవిడ సార్ ముఖంలోకి సంతోషంగా చూస్తూ అడిగింది. "మా పోరడు ఆడ ఏం జెప్పిండు సారూ, గింత పెద్ద కొలువిచ్చిన్రు?"

జీవితంలో మొదటిసారి సార్ నీళ్ళు నమలడం చూశాను. జవాబు జంగు చెప్పాడు, గోడ వైపు తిరిగి. "అడివి ఎవరు ఖరాబ్ జేసిన్రని అడిగితే, పోడు జేసేటోళ్ళు అన్న అవ్వా. అంటే నువ్వే అని."

ఆవిడ కాసేపు కొడుకును చూసింది. తర్వాత నవ్వేసింది. "అంతేనా? కేసు వెట్టిన జంగలాతోళ్ళు జీపు దిగుతె నేను సుత అబద్ధమే చెప్త. గీ చేను నాది గాదు, మా పాలోళ్ళదంట. తప్పించుకోవాల్నంటె చెప్పాలె బిడ్డా." జొన్నలు సార్ వైపు జరిపింది. నవ్వు మెల్లగా తగ్గింది. "గానీ, కొలువు రాకముందు చెప్తివి, సరే. కొలువొచ్చింది గద. ఇగ ఎప్పుడు చెప్తవ్ నిజం?"

అడిగింది కొడుకుని. సార్ చెయ్యి మాత్రం దానంతటదే మణికట్టు మీదికి పోయింది. గడియారం విప్పి నేల మీద, ఆ జొన్నల పక్కన, బోర్లించారు.

ఆ జొన్నలతో మెస్సు ఆవిడ చేత రోజూ రొట్టెలు చేయించుకుని తిన్నారట అయిపోయేదాకా. ఒంగోలు మనిషి, జొన్నరొట్టె సరిగా విరవడం కూడా రాదు. మాకెవ్వరికీ ఒక్క ముక్క పెట్టలేదు.

తర్వాత ఏటా పొలాల అమావాస్య నాడు సార్ ఎక్కడున్నా జంగుకు ఫోన్ చేసేవారు. కుశలం అడిగేవారు కాదు. "చెప్పావా?" అనేవారు. పోడు భూముల మీద మీటింగ్ ఎప్పుడు జరిగినా, అడవిని పాడుచేసింది పోడువాళ్ళే అని అందరూ అంటుంటే, అధికారి హోదాలో లేచి ముందు కూపు, తర్వాత పోడు అని ఒక్కమాట రికార్డుకెక్కించాలి. అంతే సార్ అడిగేది. ఒక ఏడాది జంగు ప్రొబేషన్ అన్నాడు. ఇంకో ఏడాది ట్రాన్స్‌ఫర్ అన్నాడు. పెద్దసారు మూడ్ బాలేదన్నాడు. పక్క జిల్లాలో వేశారు, మన పరిధి కాదన్నాడు. ప్రతిసారీ అటునుంచి అదే మాట వచ్చేది: "నేనడిగింది అది కాదు."

ఆ ఏళ్ళలో ఒకసారి జంగు నాకు ఫోన్ చేశాడు, సార్‌కు చెప్పే ధైర్యం లేక. వాళ్ళమ్మ చేనులో కందకం తవ్వారు. మొక్కలు నాటారు. పచ్చదనం పెంచే పథకమట. "ఎక్కేటప్పుడు మా అడివి పాయె అక్కా. దిగేటప్పుడు మా చేను పాయె," అన్నాడు. సార్ మూపురం అతనూ మర్చిపోలేదు.

నేను అమీర్‌పేట వెళ్ళాను. సార్ క్లాసులో ఉన్నారు, సరిగ్గా ఆ బొమ్మే. సుద్దముక్క శిఖరం దాటి కిందికి దిగుతోంది. తలుపు దగ్గరకు పిలిచి చెప్పాను. విని లోపలికి వెళ్ళి బోర్డు ముందు నిలబడ్డారు. "నాటడం మొదలుపెడతారు అన్నాను కదా," అన్నారు పిల్లలతో. "ఎక్కడ నాటుతారు?" ఎవరికీ తెలియలేదు. గైడ్లో లేదు. ఆయన అరచేత్తో దిగుడు గీతని తుడిచేశారు. ఆ రోజంతా బోర్డు మీద సగం మూపురం ఉండిపోయింది. మర్నాడు మాత్రం మళ్ళీ పూర్తిగానే గీశారట. పిల్లలకు మార్కులు కావాలి కదా. నాకు ఆయన మీద కోపం వచ్చేదీ ఇక్కడే, జాలి కలిగేదీ ఇక్కడే.

ఆ అమావాస్యకు కూడా ఫోన్ చేశారు. "చెప్పావా?" అనే అడిగారు.

ఇప్పుడు ఆ మనిషి పంజాగుట్టలో కట్టెల మీద ఉన్నారు. ఫోన్‌లో జంగు ఇంకా ఏదో చెబుతున్నాడు. ఎవరెవరు వచ్చారో, పూలు ఎవరు తెచ్చారో. వచ్చే వారం హైదరాబాద్‌లోనే పెద్ద మీటింగ్ ఉందని, తమ జిల్లా పోడు భూముల మీదేనని, సార్ బతికుంటే మళ్ళీ నిలదీసేవారని అన్నాడు.

"వెళ్తున్నావా?" అన్నాను.

"పోవాలె. జిల్లా తరఫున నేనే."

"చెప్తావా?"

బస్సు ఒకటి బ్రేకు వేసిన చప్పుడు. ఎవరో అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు, నిప్పు పెట్టేవేళ అయినట్టుంది.

"అవ్వ సుత పోయిన్నెల పోయింది అక్కా," అన్నాడు జంగు చాలా చిన్నగా. "నీకు చెప్పలే. ఇగ ఆ చేను ఎవరికోసం?"

పచ్చజొన్నల మూట కళ్ళముందు కదిలింది. అయ్యో అనాలి, ఎట్లా పోయిందని అడగాలి, అదే మర్యాద. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకున్నాను. కుడిచేతి వేళ్ళు మాత్రం నా ప్రమేయం లేకుండానే మణికట్టు మీది గడియారం విప్పుతున్నాయి.

"నేనడిగింది అది కాదు, జంగూ," అన్నాను.